నీడ కూడ ఒక పనిముట్టే



ఈ వేళ నేను విత్తనాల గురించి గాని, ఎరువుల గురించి గాని మాట్లాడబోవడం లేదు. ఎండ గురించి మాట్లాడతాను. "ఎండ సంగతి మాకు చెప్పేదేమిటి? నువ్వు నీడలో కూచుని చెబుతున్నావు, మేము ఎండలో నిలబడి వింటున్నాం" అని మీరు నవ్వవచ్చు. నవ్వండి. కాని కడదాకా వినండి.

ముందుగా ఒక మాట అడుగుతాను. వేసవిలో కూరగాయల నారు పోసినప్పుడు మీరేం చేస్తారు? నారుమడి మీద పందిరి వేస్తారు, లేకుంటే ఆకుపచ్చని నీడవల కడతారు. తమలపాకు తోట వేసేవాడు ముందు అవిసె గింజలు వేసి, అవి ఎదిగి నీడ పట్టిన తరువాతనే తీగ నాటుతాడు. బత్తాయి, నిమ్మ మొక్కల మొదళ్లకు ఎండ తగిలి బెరడు పగలకుండా సున్నం పూస్తాం. మిరప కళ్లంలో కాయ రంగు వెలిసిపోతుందేమోనని రోజుకు నాలుగు మార్లు చూసుకుంటాం. ఎండ మీద కోపంతో చేసే పనులు కావు ఇవి. ఎండ లేనిదే పంట లేదని మనకు తెలుసు. ఏ మొక్కకు ఎంత ఎండ కావాలి, ఏ వేళకు ఎంత నీడ కావాలి అని లెక్క చూసుకుని చేసే పనులు.

కనుక నీడ అనేది సోమరితనం కాదు. నాగలి, పార, కొడవలి లాగా అది కూడ ఒక పనిముట్టే. ఈ పనిముట్టును మొక్కలకు వాడినంత శ్రద్ధగా మన ఒంటికి, మన పిల్లల ఒంటికి వాడుతున్నామా? నేటి నా మనవి ఇంతే.

ఏ వూరు వెళ్లి ఈ సంగతి ఎత్తినా పెద్దలు ఒకటే మాట అంటారు. "ఎండలో పుట్టినోళ్లం, ఎండలో పెరిగినోళ్లం. నల్లని ఒంటికి ఎండేం చేస్తది సారూ?" అని. ఈ మాటలో సగం నిజం వున్నది. ఆ సగాన్ని ముందు ఒప్పుకుందాం. మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం వుంటుంది. అది గొడుగు వంటిది. ఎండలో హాని చేసే కిరణాలను చాలామటుకు పైపైనే పట్టి ఆపుతుంది. అందుచేతనే మన దేశంలో చర్మానికి వచ్చే కాన్సరు తక్కువ. తెల్లవారు వెళ్లి స్థిరపడిన ఆస్ట్రేలియాలో ఆ జబ్బు ఎంత ఎక్కువంటే, అక్కడ ప్రతి ముగ్గురిలో ఇద్దరికి 70 ఏళ్లు వచ్చేలోగా ఏదో ఒక రకం చర్మపు కాన్సరు కనబడుతుందని వారి లెక్క. చొక్కా తొడుక్కోండి, మందు రాసుకోండి, టోపీ పెట్టుకోండి అని అక్కడ 1981లో పెద్ద ప్రచారమే మొదలుపెట్టారు. మనకు అంత భయం లేదు.

ఇక రెండవ సగం వినండి. మన ఒంటి గొడుగు చర్మాన్ని కాస్తుంది గాని కంటిని కాయదు. పెదవిని అంతగా కాయదు. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, ఆ గొడుగు అందరికీ వుండదు.

ఎండలో మూడు సరుకులు కలిసి వస్తాయి. ఒకటి వెలుగు, అది కంటికి కనబడుతుంది. రెండవది వేడి, అది ఒంటికి తెలుస్తుంది. మూడవది అతినీలలోహిత కిరణాలు. అవి కంటికి కనబడవు, ఒంటికి తెలియవు. చర్మానికీ కంటికీ చెరుపు చేసేవి ముఖ్యంగా ఈ మూడవ రకమే. ఇవి చర్మపు కణాలలో వుండే విత్తన గుణాన్ని కొద్దికొద్దిగా చెడగొడతాయి. చెడినదాన్ని ఒళ్లు తనంతట తానే చాలావరకు బాగుచేసుకుంటుంది. బాగుపడక మిగిలిపోయినది ఏళ్ల తరబడి పోగవుతుంది. విత్తనాలలో కేళీలు చేరి ఏటేటా పెరిగినట్లు అనుకోండి. సూర్యరశ్మి మనుషులలో కాన్సరు కలిగించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 1992లోనే నిర్ధారణ చేసింది.

వేడి లేదు గదా అని మోసపోరాదు. చల్లగాలి వీస్తున్నా, పలచని మబ్బు పట్టినా ఈ కిరణాలు దిగుతూనే వుంటాయి. మరి కనబడనిదాన్ని, తెలియనిదాన్ని కొలిచేది ఎలా? దీనికి యంత్రం అక్కరలేదు. మీ నీడే మీ కొలబద్ద. ఎండలో నిటారుగా నిలబడి నీడను చూసుకోండి. నీడ మీకంటె పొడుగ్గా వున్నంతసేపు ఆ కిరణాల జోరు తక్కువ. నీడ మీకంటె పొట్టిదయ్యిందా, జోరు ఎక్కిందని తెలుసుకోవాలి. నీడ వచ్చి పాదాల కింద చేరిందంటే అది ఎండకు నడినెత్తి వేళ. మన ప్రాంతంలో వేసవిలో ఉదయం సుమారు 9 గంటలు మొదలు మధ్యాహ్నం 3 గంటలు దాటే దాకా నీడ మనకంటె పొట్టిగానే వుంటుంది. మార్గశిర పుష్య మాసాలలో మధ్యాహ్నం కొద్దిసేపే అలా వుంటుంది. ఈ కిరణాల తీవ్రతకు శాస్త్రజ్ఞులు అంకెలు కూడ పెట్టారు. 3కు చేరితే జాగ్రత్త పడాలనీ, 11కు చేరితే అత్యంత తీవ్రమనీ అంటారు. ఏప్రిల్, మే నెలల్లో మబ్బు లేని మిట్టమధ్యాహ్నం మన దగ్గర 11 దాటడం మామూలే.

ఇప్పుడు నా తప్పు ఒకటి మీకు చెప్పుకోవాలి.

రెండేళ్ల కిందట, మిరప కోతల రోజుల్లో నేను ఒక వూరు వెళ్లాను. కాయ ఎండబెట్టడం గురించి చెప్పడానికి వెళ్లాను. కళ్లం గట్టున పన్నెండేళ్ల పిల్లవాడు కాపలా కూచుని వున్నాడు. మొక్కజొన్న పీచులాంటి జుట్టు, తెల్లని కనురెప్పలు, పాలలాంటి ఒళ్లు. కళ్లు చికిలించుకుని, తల వంచుకుని చూస్తున్నాడు. వూళ్లో పిల్లలు వాణ్ణి దొరబాబు అని ఎగతాళి చేస్తారట. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేని బిడ్డ. తల్లి మిరపకాయలు తిరగేస్తూ నన్నడిగింది: "సారూ, చదువుకున్నోళ్లు గదా. వీడి ఒంటికి రంగు రావాలంటే ఏం చెయ్యాల?"

నాకు తెలియదని చెప్పవలసింది. చెప్పలేదు. "కాస్త ఎండ తగలనియ్యమ్మా. డి విటమిను వస్తుంది. అలవాటు పడితే చర్మం గట్టిపడుతుంది" అన్నాను. మొక్కల నర్సరీలో నారును మెల్లగా ఎండకు అలవాటు చేస్తాం గదా, ఆ లెక్క మనసులో పెట్టుకుని అన్నాను. అని, నా దారిన నేను వచ్చేశాను.

నెల తిరిగి వెళ్లేసరికి పిల్లవాడి ముఖం కందిపోయి పొక్కులు లేచి వున్నాయి. కింది పెదవి పగిలింది. చెవి అంచున ఒక పొలుసు కట్టి, రాలి, మళ్లీ కడుతున్నది. తల్లి నన్ను ఒక్క మాటా అనలేదు. "మీరు చెప్పారని నేనే వాణ్ణి రోజూ ఎండలో కూచోబెట్టాను సారూ" అన్నది. అంతకంటె అనవలసింది ఏమున్నది?

వాళ్లను వెంటబెట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. డాక్టరుగారు అంతా విని నా వంక చూసి, "గొడుగు లేనివాణ్ణి వానలో నిలబెడితే గొడుగు మొలుస్తుందన్నట్టుంది మీ సలహా" అన్నారు. నేను తల వంచుకున్నాను. ఆ రోజు ఆయన చెప్పిన సంగతులు ఇవి. ఇలాంటి పిల్లల ఒంట్లో మెలనిన్ తయారు కాదు, లేదా చాలా తక్కువ తయారవుతుంది. అది ఎంత ఎండ తగిలినా రాదు. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి పాపమూ కాదు. తల్లిలోను తండ్రిలోను పైకి కనబడకుండా దాగివున్న గుణం రెండు వైపులనుంచీ కలిసినప్పుడు సాధారణంగా ఇలా పుడతారు. మన వంటి ఎండ దేశంలో కాపుదల లేకుండా పెరిగితే, ఇటువంటి వారికి చిన్న వయసులోనే చర్మపు కాన్సరు వచ్చే ప్రమాదం వున్నది. కాపుదల వుంటే అందరిలాగే బతుకుతారు. చూపు మాత్రం పుట్టుకతోనే మందంగా వుంటుంది; అది తెలివితక్కువతనం కాదు.

జిల్లా ఆసుపత్రిలో చర్మవైద్యులు ఆ చెవి మీది పొలుసును తీసి పరీక్షకు పంపారు. అది కాన్సరు కాదు. కాని వదిలేస్తే కాన్సరు కాగల పుండు అన్నారు. సమయానికి తీశారు.

ఆ కుటుంబం ఆ తరువాత ఏం చేసిందో చెబుతాను. కాపలా పని మానిపించలేదు, వేళ మార్చారు. తెల్లవారుజామున, సాయంత్రం పిల్లవాడు కూచుంటాడు. నడిమి వేళ తాత కూచుంటాడు. ఆ తాతే తాటాకుతో చుట్టూ వెడల్పు అంచున్న టోపీ అల్లి ఇచ్చాడు. తండ్రి పాత చొక్కాలు తగ్గించి పొడుగు చేతులతో కుట్టించారు. కంటికి నల్లద్దాలు, ముఖానికి, చెవులకు, మెడకు, చేతులకు డాక్టరు రాసిన క్రీము. బడిలో పంతులుగారు కిటికీ ఎండ పడని చోట ముందు బల్ల మీద కూచోబెడుతున్నారు. ఇప్పుడు కళ్లం దగ్గర బస్తాల లెక్క, తూకాల లెక్క ఆ పిల్లవాడే రాస్తున్నాడు. కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని రాస్తాడు. ఇంతవరకు తప్పు పోలేదు.

సోదరులారా, మీ వూళ్లో కూడ ఇలాంటి బిడ్డ వుండవచ్చు. ఎగతాళి చేయకండి, ఎండలో పనికి పెట్టకండి. బొల్లి మచ్చలు వున్నవారికి కూడ ఆ మచ్చల మేర రంగు వుండదు. అక్కడ చర్మం సుళువుగా కమిలిపోతుంది. వారు కూడ ఆ చోట్లు కప్పుకోవాలి.

ఇక అందరికీ పనికివచ్చే జాగ్రత్తలు చెబుతాను. ఖర్చు లేనివి ముందు చెబుతాను.

మొదటిది వేళ. కలుపు, కోత, మందు పిచికారి, ఇవన్నీ నీడ పొడుగ్గా వున్నప్పుడు సాగేటట్లు పని పంచుకోవాలి. పెందలాడే పొలానికి దిగి, ఎండ ముదరకముందే గట్టెక్కి, మళ్లీ చల్లబడ్డాక దిగడం మన పెద్దల పద్ధతే. వేసవిలో బడులకు ఒంటిపూట పెట్టేది పిల్లలు మిట్టమధ్యాహ్నం ఇంటి పట్టున వుంటారని. బడి వదిలిన పిల్లలు అదే ఎండలో చెరువు గట్టున ఆడుతుంటే ఒంటిపూట వల్ల లాభమేమిటి?

రెండవది గుడ్డ. ఎండకు చొక్కా విప్పడం సుఖమనిపిస్తుంది గాని, వదులుగా వుండే పొడుగు చేతుల నూలు చొక్కాయే మేలు. గుడ్డను వెలుగుకు ఎత్తి చూడండి. అవతలి వెలుగు జల్లెడలోనుంచి వచ్చినట్లు కనబడితే ఆ గుడ్డ కిరణాలను కూడ అలాగే వదులుతుంది. నేత దగ్గరగా వుండాలి. అరిగిపోయిన గుడ్డ, తడిసి ఒంటికి అంటుకున్న నూలు గుడ్డ కిరణాలను సరిగా ఆపవు. పత్తి తీసే ఆడవాళ్లు, మిరప కోసే ఆడవాళ్లు చీర మీద మగవారి పొడుగు చేతుల చొక్కా తొడుక్కోవడం మనం చూస్తూనే వున్నాం. ఆ పద్ధతిని ఏ ఆఫీసరూ నేర్పలేదు. అది చాలా మంచి పద్ధతి. మగవారు వారిని చూసి నేర్చుకోవాలి.

తలపాగా చుట్టుకుంటే నడినెత్తి దాగుతుంది; చెవులు, మెడ వెనుక భాగం బయటనే వుంటాయి. కనుక ఒక కొస వెనుకకు వేలాడనియ్యాలి. తాటాకు గొడుగైనా, వెడల్పు అంచు టోపీ అయినా ఇంకా మంచిది.

మూడవది కళ్లు, పెదవులు. ఏళ్ల తరబడి ఎండలో చేసేవారికి కంటి తెల్లగుడ్డు మీద కండ పెరిగి నల్లగుడ్డు మీదికి పాకుతుంది. శుక్లం త్వరపడటానికి కూడ ఎండ ఒక కారణం. పచ్చిక, నేల, నీరు ఈ కిరణాలను నూటికి పది పాళ్ల కంటె తక్కువే పైకి కొడతాయి. పొడి ఇసుక సుమారు పదిహేను పాళ్లు కొడుతుంది. కాబట్టి సముద్రపు టొడ్డు ఇసుకలో, తెల్లగా మెరిసే ఉప్పు మళ్లలో పనిచేసేవారు కంటి మీదికి నీడ పడే టోపీ తప్పక పెట్టుకోవాలి. నల్లద్దాలు కొంటే అతినీలలోహిత కిరణాలను ఆపేవేనా అని అడిగి కొనాలి. వట్టి రంగు అద్దం చాలదు.

క్రీముల గురించి చాలామంది అడుగుతున్నారు. మామూలు ఒంటిరంగు గల రైతుకు గుడ్డ, నీడ చాలు. ఆ డబ్బు పెట్టి మంచి చొక్కా కుట్టించుకోవచ్చు. రంగు లేని పిల్లలకు, డాక్టరు చెప్పినవారికి మాత్రం క్రీము అవసరం. దాని మీద రాసిన ఎస్.పి.ఎఫ్. అంకె 30గాని అంతకంటె ఎక్కువగాని వుండాలి. ఎండలోకి వెళ్లడానికి పావుగంట ముందు దట్టంగా రాయాలి. రెండు గంటలకొకసారి, చెమట పట్టి తుడుచుకున్నప్పుడల్లా తిరిగి రాయాలి. క్రీము రాశాం గదా అని ఎండలో ఎక్కువసేపు వుండరాదు.

పసిబిడ్డలను గట్టు మీద పడుకోబెట్టి పని చేసుకునే తల్లులకు ఒక మాట. చెట్టు నీడ కదులుతుంది. వుయ్యాల కట్టినప్పుడున్న నీడ గంటకు అక్కడ వుండదు. మధ్య మధ్య ఎవరైనా చూసి జరపాలి.

వడదెబ్బ సంగతి మీకు వేరే చెప్పక్కరలేదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిసి వేయిమందికి పైగా చనిపోయారు. చర్మాన్ని కాచే నీడా, గుడ్డా ప్రాణాన్ని కూడ కాస్తాయి. వాటికి తోడు మంచినీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర వుంచుకోవాలి.

ఇక చివరి సంగతి, నా మనసులో మెదులుతున్నది. మానని పుండు సంగతి.

మనవంటి ఒంటిరంగు వారికి చర్మపు కాన్సరు వచ్చినప్పుడు అది తరచు ఎండ తగిలే చోటనే రావాలని లేదు. పాత కాలిన మచ్చలో, ఏళ్ల తరబడి మానని పుండులో, అరికాలిలో, గోరు కింద కూడ వస్తుంది. అందుకనే ఎవరూ అనుమానించరు. నేనెరిగిన ఒక పెద్దయ్య వుండేవాడు. కుర్రతనంలో పొగాకు బ్యారన్ దగ్గర పనిచేస్తూ పిక్క కాల్చుకున్నాడు. ఆ మచ్చ ముప్పయి ఏళ్లు వూరుకున్నది. తరువాత దాని మీద పుండు లేచింది. సున్నం పెట్టాడు, పసరు పోశాడు, జిల్లేడు పాలు పూశాడు. పంచె జారవిడిచి రెండేళ్లు దాచాడు. "అడిగితే ఆసుపత్రి అంటారు, ఆసుపత్రి అంటే పని పోతుంది" అనేవాడు. తీరా వెళ్లేసరికి మోకాలి కింద కాలు తీసివేయవలసి వచ్చింది. అదే పుండు మొదట్లో చూపించివుంటే చిన్న కోతతో పోయేదని డాక్టర్లు చెప్పారు. ఆకు మీద మచ్చ కనబడితే ఆ సాయంత్రమే ఆకు తెంపుకుని నా దగ్గరకు పరుగెత్తుకొచ్చే రైతు ఆయన. తన కాలి మచ్చను రెండేళ్లు ఎవరికీ చూపలేదు.

కనుక ఇవి గుర్తుంచుకోండి. నాలుగు వారాలు దాటినా మానని పుండు. మాని, మళ్లీ పగిలి రక్తం కారే పుండు. కాలిన మచ్చలో కొత్తగా లేచిన పుండు. పెరుగుతున్న, అంచులు వంకరపోతున్న, రంగు మారుతున్న పుట్టుమచ్చ. దెబ్బ తగలకుండానే గోరు కింద ఏర్పడి వెడల్పవుతున్న నల్లగీత. కింది పెదవి మీద మానని తెల్లమచ్చ లేక పక్కు. వీటిలో ఏది కనబడినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. కనబడినవన్నీ కాన్సరు కావు. వయ్యారిభామ మొక్క తగిలి ముఖం, మెడ, మోచేతి మడతలు దురద పుట్టి నల్లబడేవారు మనలో చాలామంది వున్నారు. అది వేరే జబ్బు, ఆ మొక్కను పూతకు రాకముందే చేతులకు తొడుగులు వేసుకుని పీకివేయాలి. ఏది ఏమిటో తేల్చవలసింది డాక్టరు. నేను వైద్యుణ్ణి కాను. తెలియనిచోట తెలుసునన్నట్లు చెబితే ఏమవుతుందో మీకు చెప్పుకున్నాను.

తోటి విస్తరణ సిబ్బందికి ఒక మనవి. మనం క్షేత్ర ప్రదర్శనలు మిట్టమధ్యాహ్నం పెడుతున్నాం, జీపు అప్పటికిగాని రాదని. రైతులు వచ్చి ఎండలో నిలబడతారు, మనం గొడుగు కింద నిలబడి మాట్లాడతాం. ఇకమీదట ఉదయం 8 గంటలకే మొదలుపెడదాం. చెట్టుకింద పెడదాం. పొలం చూసేటప్పుడు పైరుతోబాటు మనిషిని కూడ చూద్దాం.

శ్రోతలారా, రేపు పొద్దున పొలానికి బయలుదేరేటప్పుడు కొడవలి, నీళ్ల బిందె, సద్ది మూట తీసుకుంటారు గదా. వాటితోబాటు పొడుగు చేతుల చొక్కా, తలగుడ్డ కూడ తీసుకోండి. గట్టు మీద నీడనిచ్చే చెట్టు లేకపోతే ఈ తొలకరికి ఒక వేపమొక్క నాటండి. దాని నీడ అందేది మీకు కాకపోతే మీ మనవలకు. వారానికి ఒకనాడు, తలంటి పోసుకునే రోజున, ఒకరి వీపు, ఒకరి మెడ, ఒకరి అరికాళ్లు ఒకరు చూసుకోండి. పైరును చూసుకునే కళ్లతోనే చూసుకోండి.

సెలవు.